బావ కొలతకి కుట్టిన స్వింగు

మందుల షాపాయన పొద్దున్నే పాల ప్యాకెట్ కత్తిరించకముందే వాసన చూస్తాడు. షాపుకి తాళం వేసి లాగి చూస్తాడు, కొంచెం దూరం పోయి అనుమానమొచ్చి వెనక్కి తిరిగొచ్చి మళ్లీ లాగుతాడు. వాన పడదని రేడియోలో చెప్పిన రోజు తప్పకుండా గొడుగు పట్టుకెళ్తాడు. వాళ్ల అక్క మొగుడు ఆయనకి డిటెక్టివ్ అని పేరు పెట్టాడు. పెట్టినవాడు బావ కాబట్టి పడక తప్పలేదు.

సాయంత్రాలు బావా బావమరుదులిద్దరూ ఊరి చివర గోల్ఫ్ మైదానానికి వెళ్లేవారు. అక్కడ నేర్పే కోచ్ మేడం మహా ముక్కోపి. ఎవరైనా కొత్తగా చేరితే టేపు పెట్టి భుజాలూ నడుమూ కొలిచేది, అటూ ఇటూ నడిపించి చూసేది, వారం తిరక్కుండా వాళ్లకో స్వింగు, అంటే బంతి కొట్టడానికి కర్ర తిప్పే ఊపు, చొక్కా కుట్టినట్టు కుట్టి ఇచ్చేది. అవన్నీ వెనక గదిలో కొక్కేలకి వేలాడుతుండేవి. చూస్తే ఏమీ ఉండదు, కొక్కెం దగ్గర గాలి కాస్త మడత పడ్డట్టుంటుంది, అంతే. ఆడేవాళ్లు వచ్చి చేతులు దూర్చి తొడుక్కునేవారు, ఆటయ్యాక విప్పి తగిలించి పోయేవారు. బిగుతైందంటే మేడం విసుక్కుంటూనే వదులు చేసేది.

షాపాయనకి కుట్టింది మాంచి వెడల్పు స్వింగు. నడుము పూర్తిగా తిరగాలి, చేతులు తల పైదాకా పోవాలి, ఎడమ మడమ లేవాలి. బావదేమో కురచ. చేతులు ఛాతీ దాటకూడదు, మడమ కదలకూడదు. బంతి అదే, కర్ర అదే, నేర్పేదీ ఆవిడే. ఒకరికి లేపమనడమేంటి, ఇంకొకరికి లేపొద్దనడమేంటి? పైగా ఆదివారం పక్క ఊరివాళ్లతో పోటీ. జట్టులో ఒక్కటంటే ఒక్క చోటు మిగిలింది, అది వీళ్లిద్దరిలో ఒకరికి. బళ్లో చదివే రోజుల్నుంచీ అన్నిట్లోనూ బావే ముందు. ఈ ఒక్కటన్నా తనకి దక్కాలని షాపాయన ఆశ. తీరా చూస్తే బావ బంతి గీత గీసినట్టు పోతోంది, తనది పొదల్లో దూరుతోంది.

ఉండబట్టలేక మేడంని అడిగేశాడు. ఇద్దరి ఒళ్లూ ఒకటేనా అందావిడ, అంటూ మొహం పక్కకి తిప్పుకుంది. అబ్బే, అంత కోపిష్టి మనిషి కసరకుండా మొహం తిప్పుకోవడమేంటి? మర్నాడు ఆయన గదిలోకి వెళ్లేసరికి బావా మేడమూ గుసగుసలాడుతున్నారు, ఈయన్ని చూడగానే నోళ్లు మూసుకున్నారు. ఇంకేముంది. మంచి గుడ్డంతా బావకి వాడి తనకి నాసిరకం అంటగట్టిందని ఖాయం చేసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మేడం భోజనానికి వెళ్లింది చూసి, షాపాయన వెనక గదిలో దూరి బావ స్వింగు తొడుక్కున్నాడు. చంకల్లో పట్టేసింది. అయినా మైదానంలోకి వెళ్లి ఒక బంతి కొడితే చక్కగా తిన్నగా పోయింది. దొరికారు దొంగలు అని మురిసిపోయాడు. ఈసారి కాస్త దూరం కొడదామని అలవాటుకొద్దీ చేతులు తల పైదాకా ఎత్తాడు. కుట్టు పుటుక్కుమంది. ఎడమ దవడ కింద మొదలైన నొప్పి ఛాతీని పిండేసి మోచేతి దాకా దిగింది. కర్ర వదిలేసి గడ్డి మీద కూలబడ్డాడు.

ఆ నొప్పి ఏంటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇలాగే ఛాతీ పట్టుకుని గ్యాస్ బిళ్ల ఇవ్వమని వచ్చినవాళ్లని, బిళ్ల ఇవ్వకుండా ఎంతమందిని ఆసుపత్రికి తరిమాడో.

మేడం చెయ్యి కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చి స్వింగు విప్పదీసింది. విప్పగానే నొప్పి పోయింది.

"ఎవరి కొలతకి కుడితే వాళ్లు ఎక్కడున్నా సరే, ఆ ఘడియకి వాళ్ల ఒంట్లో ఏముందో అదే దీన్లోనూ ఉంటుందండీ," అంది. "చెయ్యెత్తితే నొప్పొస్తోంది, ఎవరికీ చెప్పొద్దన్నారు మీ బావగారు. ఎత్తకుండా ఆడేలా కుట్టాను. నా పని కుట్టడం వరకే."

"వరకేనా?" అన్నాడు షాపాయన. ఆవిడ తల దించుకుంది.

స్వింగు చుట్టి చంకలో పెట్టుకుని సరాసరి అక్క ఇంటికి వెళ్లాడు. బావ సోఫాలో కాళ్లు చాపుకుని పేపర్ చదువుతున్నాడు. సంగతి వినగానే మొహం పాలిపోయింది, అంతలోనే నవ్వేశాడు. ఆదివారం ఆట కానిమ్మన్నాడు, సోమవారం నువ్వే తీసుకెళ్దువు గానీ అన్నాడు. షాపాయన కుదరదని పట్టుబట్టాడు.

"జట్టులో చోటు కోసం కాదు కదా ఇదంతా?" అన్నాడు బావ.

షాపాయనకి చివుక్కుమంది. కాదని ఒట్టేసి చెప్పబోయాడు, పొద్దుటిదాకా తన మనసులో ఉన్నది గుర్తొచ్చి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మీ అక్కతో ఒక్క మాట అన్నావంటే నీకూ నాకూ మాటల్లేవు," అన్నాడు బావ. అననని షాపాయన మాటిచ్చాడు.

మాటిచ్చి వంటింట్లోకి వెళ్లాడు. అక్క పొయ్యి మీద ఏదో కలుపుతూ, పై అరలో డబ్బా ఎవరు పెట్టారో అంత ఎత్తున అని సణుగుతోంది. షాపాయన వెనక నుంచి ఆమె భుజాల మీద స్వింగు కప్పాడు. చెమట వాసన పట్టి, ఇది మీ బావది కదరా అంటూనే ఆమె చేతులు దూర్చింది. పొట్టి మనిషి, మోకాళ్ల దాకా వేలాడింది. నవ్వుతూ డబ్బా కోసం చెయ్యెత్తింది.

చెయ్యి సగంలో ఆగిపోయింది. మొహంలో నవ్వు పోయింది. తమ్ముడి వైపు చూసింది. తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అక్క పొయ్యి కట్టేసి ముందు గదిలోకి వెళ్లింది.

"ఇంత నొప్పి పెట్టుకుని రోజూ నా పక్కనే పడుకుంటున్నారా?" అంది.

బావ బావమరిది వైపు గుర్రుగా చూశాడు. "చెప్పేశావన్నమాట."

"వాడు నోరు విప్పలేదు. మీరు లేవండి."

ఆదివారం అంటూ బావ ఏదో గొణిగాడు. ఈ స్వింగు తన ఒంటి మీదే ఉంటుంది, చేతనైతే ఇది లేకుండా ఆడుకోమంది అక్క. బావ లేచి చెప్పులేసుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టర్ పరీక్షలన్నీ చూసి, ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారని కోప్పడి, అప్పటికప్పుడు బావని ఆపరేషన్‌కి తీసుకెళ్లిపోయాడు. అక్క బయట బెంచీ మీద స్వింగు విప్పకుండానే కూర్చుంది. ఎంతసేపు గడిచిందో. జారిన జడ పిన్ను పెట్టుకోబోయి ఆమె రెండు చేతులూ తల పైకి ఎత్తింది, ఎత్తి అలాగే ఉండిపోయింది.

"నొప్పి లేదురా," అంది మెల్లగా.

నొప్పి పోవడానికి కారణాలు రెండుంటాయి. ఏ రెండో అక్కకీ తెలుసు. ఒకరి మొహం ఒకరు చూడలేక ఇద్దరూ తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు.

తలుపు తీసుకుని నర్సు వచ్చింది.

"మంచినీళ్లడుగుతున్నారమ్మా. ఇప్పుడే ఇవ్వకూడదంటే వినడం లేదు, కాస్త మీరొచ్చి చెప్పండి."