ముక్కులో నలుపు

పుల్లకు చుట్టిన దూదిని ఉప్పునీళ్ళలో ముంచి కామాక్షయ్య ముక్కులో తిప్పింది మగ్దలీనమ్మ. మళ్ళీ నల్లగానే వచ్చింది.

"మళ్ళీ పీల్చినావా ముక్కుపొడి? ఇది ముక్కా అన్నా, బొగ్గింజనా?"

"నా డబ్బీ నువ్వే గదక్కా లాక్కునింది. ఇంకేంది పీల్చేది, గాలినా?" అన్నాడు కామాక్షయ్య. వాచిన ఎడమ కన్ను మూసుకుపోయింది గనక కుడికంటితోనే నవ్వాడు.

బిట్రగుంటలో రైలింజన్లకు బొగ్గెత్తి రిటైరైన మనిషి. చక్కెరజబ్బు, చెంపవాపుతో మిషన్ ఆసుపత్రిలో చేరాడు.

మగ్దలీనమ్మ అక్కడ ఆయా. పొట్టి మనిషి, ఫినాయిలుకు నానీ నానీ పాలిపోయిన అరచేతులు. మొగుడు పోయిననాడు కూడా గడప కడిగాకే ఏడ్చింది. పరలోకం పోయినా ముందు మూలలు చూస్తుందని నర్సుల వేళాకోళం. ఎవరి మీదైనా ప్రేమ పుడితే వాళ్ళను తోమి శుభ్రం చెయ్యడమొక్కటే ఆమెకు తెలుసు. అందుకే డాక్టరమ్మ వచ్చే వేళకు కామాక్షయ్య ముక్కు అద్దంలా ఉండేది.

ఆ రోజు డాక్టరు కరుణాకుమారిగారు ముందే వచ్చి, ఆ దూది చూశారు.

"ఏమిటిది?"

"ముక్కుపొడమ్మా. దొంగతనంగా పీలుస్తా ఉండాడు."

"డబ్బీ ఆయక్క కొంగులోనే ఉండాది, చూడండమ్మా," అన్నాడు కామాక్షయ్య.

మగ్దలీనమ్మ ముడి విప్పింది. డబ్బీ నిండుగానే ఉంది.

డాక్టరమ్మ టార్చి వేసి నోరు తెరిపించారు. అంగిట్లోనూ నల్లమచ్చ. చిన్న ముక్క గిల్లి మైక్రోస్కోపు గదికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి ఆవిడ గొంతు తగ్గింది.

"ఇది బూజు. చక్కెరజబ్బుతో ఒళ్ళు డీలాపడ్డవాళ్ళకు ఎప్పుడో గాని పట్టదు. కంటిదాకా పాకింది. సాయంత్రం మెయిలు బండికే మద్రాసు పంపాలి."

"నేను రోజూ తుడిచేస్తుంటినే తల్లీ..."

"నువ్వు చెప్పగానే నేనూ ముక్కుపొడనే అనుకున్నాను మగ్దలీనమ్మా."

కామాక్షయ్య నవ్వాడు. "నువ్వు ఊడ్చే వార్డులో బూజా! నీ పేరు పోయింది లేక్కా."

"నోర్ముయ్!" అంటూ డబ్బీ అతని చేతిలో పెట్టింది. అతను మూత తియ్యలేదు. గుప్పిట మూసుకున్నాడంతే.

సాయంత్రం జట్కా గేటు దగ్గరకొచ్చింది. మగ్దలీనమ్మ అతనికి ఉతికిన పంచె కట్టి, తల దువ్వుతూ ఉంది. దువ్వెన కింద తల ఉన్నట్టుండి బరువైంది.

జట్కా ఖాళీగా వెళ్ళిపోయింది.

పక్క దులుపుదామని పరుపెత్తింది. అడుగున కాగితం పొట్లం. "దొంగ సచ్చి..." అనబోయి మాట మింగేసింది.

కాగితంలో కొబ్బరీ బెల్లమూ పాకం పట్టిన కమ్మరకట్టు, సగం కొరికినది. పంటిగాట్ల వెంబడి ఒక సన్నని చీమలబారు.