అసిరయ్య కన్ను, సూర్యం లెక్క

నూకమ్మకు మేనల్లుడి మీద అనుమానం వచ్చింది. వచ్చిందంటే అలా ఇలా కాదు. ఇంట్లో పాము దూరిందని తెలిసిన మనిషికి చీపురుపుల్ల కదిలినా గుండె ఝల్లుమంటుంది చూడండి, అలా వచ్చింది.

సూర్యం ఆమె అన్న ఆదిబాబు కొడుకు. టాటానగర్ రైల్వేలో పనిచేసే ఆదిబాబు పోయాక, అదే ఊరి బస్తీ అయిన కాసిడీహ్‌లోని ఈ ఇంట్లోనే పెరిగాడు. నూకమ్మ మొగుడు అసిరయ్య గోవింద్‌పూర్ దగ్గర లారీ స్ప్రింగులు చేసే కార్ఖానాలో బట్టీ మేస్త్రీ. ఓవర్‌టైములు చేసి మరీ చదివించాడు. కుర్రాడు ఖరగ్‌పూర్ వెళ్ళి కంప్యూటర్ అనే కొత్త చదువు చదివాడు, డాక్టరేటు తెచ్చుకుని కాన్పూర్‌లో ప్రొఫెసరయ్యాడు. అంతవరకూ నూకమ్మ బస్తీలో తలెత్తుకునే తిరిగింది. ఎనభై మూడులో ఆ ప్రొఫెసరుగిరీ వదిలేసి, సరిగ్గా అసిరయ్య పనిచేసే కార్ఖానాకే కంప్యూటర్ ఆఫీసరుగా వచ్చి అదే ఊళ్ళోని కద్మాలో ఇల్లు తీసుకున్నాడు. తంటా అక్కడ మొదలైంది.

“పిల్లలకి పాఠాలు సెప్పుకుని కుర్సీలో కూకునే ఉద్యోగం ఒగ్గేసి, ఎవడైనా ఈ పొగలోకి వత్తాడేటే? ఏదో పని మీదే తెప్పించినారు ఆడిని,” అంది పక్కింటి దాలమ్మ. “ఆ మిషనులో ఒక్కొక్కడి జాతకం ఎక్కిత్తారట. ఎవడు పని సేత్తన్నాడో, ఎవడు ఉత్తినే కూకున్నాడో అదే సెప్పేత్తాదట.”

దాలమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే నూకమ్మ ఊఁ కొట్టి ఊరుకుంది. ఊరుకోక ఏం చేస్తుంది? ఆమె ఇంట్లో దాచుకోవలసిన సంగతి ఉంది మరి.

అసిరయ్యకు చూపు పోతోంది. ఏళ్ళ తరబడి నిప్పును చూసి చూసి కళ్ళకు పొర కమ్మేసింది. ఇనుము ఏ ఎరుపుకు వచ్చినప్పుడు బట్టీలోంచి లాగాలో కేకేసి చెప్పే మనిషికే ఎరుపు కనపడడం లేదు. అతని గ్యాంగులో వాళ్ళందరివీ సిక్కోలు వైపు దగ్గర దగ్గర ఊళ్ళే. ఒకడి కష్టాన్ని అందరూ కలిసి కప్పుకోవడం వాళ్ళకు అలవాటు. నూకమ్మ చెల్లెలి మొగుడు చిన్నారావు బట్టీ కంతలోంచి చూసి తనకు తోచిన రంగు మెల్లగా చెబితే, అసిరయ్య గట్టిగా కేకేసేవాడు. ఏటేటా జరిగే కళ్ళ పరీక్షకు అసిరయ్య నంబరున్న టోకెను బిళ్ళ తగిలించుకుని చిన్నారావే వెళ్ళొచ్చాడు. రిటైరయ్యేదాకా ఇలా నెట్టుకొస్తే ఆ ఖాళీలో కొడుకు బంగార్రాజును తీసుకుంటారు. పట్టుబడితే తోడల్లుళ్ళిద్దరి ఉద్యోగాలూ పోతాయి, కొడుకు ఆశా పోతుంది.

ఇలాంటి ఇంటికి సూర్యం ఆదివారం ఆదివారం భోజనానికి వచ్చేవాడు. వచ్చినవాడు తిని ఊరుకోడే!

“మావా, మీ షిఫ్టులో సరుకు బట్టీలో ఎంతసేపు ఉంచుతున్నారు?”

“ఎప్పుడూ ఉంచినంతే.”

“ఈ మధ్య రంగేమైనా మార్చి లాగుతున్నారా?”

“ఛుట్టీ కే దిన్ భీ ఫ్యాక్టరీ కీ బాత్, భయ్యా?” అని, సెలవు రోజు కూడా కార్ఖానా మాటలేనా అన్నట్టు నవ్వాడు బంగార్రాజు.

నూకమ్మకు నవ్వు రాలేదు. అసిరయ్య చెయ్యి నీళ్ళగ్లాసు కోసం నేల మీద తడుముతోంది. సూర్యం గ్లాసు జరిపి ఆ చేతికి అందించాడు. చూసేశాడు అనుకుంది నూకమ్మ. సూర్యం లేచి చెయ్యి కడుక్కుంటూ, “ఓ రోజు నీ షిఫ్టుకొచ్చి బట్టీ కాడ నిలబడతాను మావా,” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నూకమ్మ ఎండు రొయ్యలు పొట్లం కట్టుకుని కద్మా వెళ్ళింది. సూర్యం ఆఫీసుకు పోకుండా, గడ్డం కూడా గీసుకోకుండా, బల్లంతా కంప్యూటరుకు లెక్కలు అందించే చిల్లుల కార్డులు పరుచుకుని కూర్చున్నాడు. ఈ చిల్లుల్లో మా ఆయన పేరు ఎక్కడుందో అనుకుంది.

“నీకు తెలిసిపోనాదని నాకు తెల్సు బాబూ. దాయకు.”

“ఏటి తెలిసింది అత్తా?”

“నాటకాలాడకు. మీ మావకి సూపు నేదని మిషను సెప్పేసింది గదా? కళ్ళ పరీక్షకి సిన్నారావు ఎల్లినాడనీ సెప్పేసింది గదా? పెద్దోళ్ళ సెవినెయ్యకు. మా గుంటడి నోటికాడి కూడురా అది. నీ కాళ్ళట్టుకుంటాను.”

సూర్యం ముఖం పాలిపోయింది. “మిషనుకి మనుషులెవరో తెలీదత్తా,” అన్నాడు. “ఏ సరుకు బట్టీలో ముందు పెట్టాలి, ఎంతసేపు ఉంచాలి, అదే లెక్క కడుతుంది. నువ్వు చెప్పేదాకా నాకేమీ తెలీదు.”

గుమ్మడికాయల దొంగ ఎవరని ఎవరూ అడక్కుండానే భుజాలు తడుముకుంది నూకమ్మ. అయినా నమ్మలేదు. “అయితే ఆ అడగడాలేటి?”

“మావ గ్యాంగు చేసిన స్ప్రింగులే విరిగిపోతున్నాయి. వాళ్ళు ఏ షిఫ్టుకి మారితే తప్పూ వాళ్ళ వెనకే మారుతోంది. ఇన్నేళ్ళూ ఈ లెక్కని కాలేజీలో కాయితం మీద రుజువు చేశాను. నిజం బట్టీ ముందు పెట్టి చూద్దామనే ఇక్కడికొచ్చాను. తప్పెక్కడో తెలీక ప్రోగ్రాముని అనుమానించాను, మీటర్లని అనుమానించాను, చివరికి నా చదువునే అనుమానించాను. మావ కన్నుని మాత్రం అనుమానించలేదత్తా. ఆ కన్నునే కొలతగా పెట్టుకుని లెక్క రాశాను.”

“ఇప్పుడేటి సేత్తావు?”

“శనివారం పెద్దవాళ్ళకి జవాబు చెప్పాలి. తప్పు లెక్కదా, మనుషులదా అని అడుగుతున్నారు.” కార్డులు దొంతి పెట్టి లేచాడు. “మావని బట్టీకి దూరంగా ఉంచు. కళ్ళకి ఆపరేషను చేయించు,” అని గుమ్మందాకా వచ్చాడు.

సెప్పనత్తా అని ఒక్క మాట అనలేదే! దారంతా ఆ ఒక్కటే తొలిచింది నూకమ్మను. చదువుకున్నవాడు చదువునే నిలబెట్టుకుంటాడు గానీ మేనత్తను నిలబెడతాడా? ఇంటికి రాగానే దాలమ్మను పిలిచి, “నువ్వన్నదే నిజం. అన్నం ఎట్టిన సెయ్యినే కరవడానికొచ్చినాడు ఆడు,” అంది. రేపు వాడేం చెప్పినా బస్తీ నమ్మకూడదని ఆమె తెలివి. దాలమ్మకు అంత చాలు. బస్తీలో సూర్యాన్ని పలకరించేవాడు లేకుండా పోయాడు.

శనివారం సాయంత్రం దాలమ్మే రొప్పుకుంటూ వచ్చింది.

“ఓలమ్మో, నూకమ్మా! మీవోడిని పొమ్మన్నారటే! లెక్క తప్పు తనదేనని అందరి ముందూ ఆడే ఒప్పేసుకున్నాడట. మిషను బట్టీ జోలికి రాదట ఇంక.”

బస్తీ అంతా పండగ చేసుకుంది. అందరికన్నా ఎక్కువ మురిసినవాడు అసిరయ్య. భార్య కద్మా వెళ్ళిన సంగతి అతనికి తెలియదు. నూకమ్మకు ముందు ప్రాణం తేలికపడింది. ఆ తర్వాత, తమ తప్పును పిల్లాడు తన నెత్తిన వేసుకున్నాడని తట్టి పీట మీద కూలబడింది.

ఊరు విడిచేముందు సూర్యం చెప్పి వెళ్ళడానికి వచ్చాడు. కాన్పూర్‌లో అతని చోటు ఎవరికో ఇచ్చేశారు. ఎక్కడో చిన్న కాలేజీలో పని దొరికిందట.

“సూసినావురా అల్లుడూ,” అన్నాడు అసిరయ్య మీసం దువ్వుకుంటూ. “బట్టీ అంటే బడి కాదు. ఇనుము రంగు మడిసి కన్ను సెప్పాల గానీ కాయితం సెప్తాదేటి? అంత సదువూ సదివి నాకాడ ఓడిపోనావు.”

“నిజమే మావా,” అని నవ్వాడు సూర్యం.

నూకమ్మకు ఆ నవ్వు చూసి ఏడుపొచ్చింది. ఒక్క మాట. ఒక్క మాట చెబితే ఈ మనిషి నోరు మూతపడుతుంది, పిల్లాడి పరువు నిలబడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే బంగార్రాజు సూర్యం పెట్టె అందుకోవడానికి లోపలికి వచ్చాడు. కొడుకును చూసి ఆమె నోరు మూసుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఏటే, అలా నిలబడిపోనావు? ఆడికి కూడెట్టు,” అన్నాడు అసిరయ్య, ఆమె లేని వైపు తిరిగి.

“బండికి వేళయిపోయింది మావా,” అంటూ సూర్యం వంగి నూకమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి లాగేసుకుంది.