సుంకప్ప భూమి లోపలికి చూసిన రోజు

సుంకప్ప బావులు తవ్విన మనిషి. వజ్రకరూరు చుట్టుపక్కల ఊళ్లలో పాత బావి ఏది చూసినా అందులో అతని గునపం దెబ్బ ఒకటైనా ఉంటుంది. మీసం మొలవకముందే వాళ్ల నాయన వెనకాల మోకు పట్టుకుని దిగాడు. నలభై ఏళ్లు గునపం, సమ్మెట, తూటా మందు, ఇదే అతని లోకం. బోరు బండ్లు వచ్చాక బావి తవ్వించేవాళ్లు లేకుండాపోయారు. అప్పుడు బండలు కొట్టే పనికి పోయాడు. రెండేళ్ల కింద ఒక బండ జారి నడుము మీద పడింది. ప్రాణం దక్కింది గానీ కాళ్లు దక్కలేదు. అప్పటినుంచి నడిమింట్లో మంచమే అతని పొలం, ఊరు, అన్నీ.

కోడలు రేఖ ఉరవకొండలో ఇళ్లకు నెట్టు కనెక్షన్లు ఇచ్చే చిన్న ఆఫీసులో పని చేస్తుంది. స్తంభం ఎక్కి వైరు లాగడానికి వేరే మనుషులున్నారు. ఇంట్లోకి వచ్చి డబ్బా బిగించి, దానిచేత పని చేయించేది మాత్రం రేఖే. మామ ఫోను ముక్కుకు ఆనించుకుని, కొండలు తొలిచే యంత్రాల వీడియోలు చూడడం ఆమె రోజూ గమనిస్తూనే ఉంది. ఒక ఆదివారం పొద్దున రెండు చెవులు నిక్కించిన కుందేలులాంటి తెల్ల డబ్బా ఒకటి సంచిలో వేసుకుని వచ్చింది.

"ఏమ్మా అది?" అన్నాడు సుంకప్ప.

"రౌటర్ మామా. ఆ చిన్న ఫోన్లో కండ్లు పొడుచుకుంటాండావు. ఇంక టీవీలోనే చూద్దువులే."

వైరు వీధివైపు గదిలోకి వచ్చింది. రౌటర్ అక్కడ గూట్లో పెట్టింది. దీపాలు వెలిగాయి. నడిమింట్లో టీవీ పెట్టి చూస్తే, తెర మధ్యలో గుండ్రటి గీత ఒకటి తిరుగుతూనే ఉంది. బొమ్మ రాలేదు. రేఖ డబ్బాను కిటికీలో పెట్టింది, బీరువా మీద పెట్టింది, గడప దగ్గర పీట వేసి దాని మీద పెట్టింది. గీత తిరుగుతూనే ఉంది.

ఆమె గోడను అరచేత్తో తట్టి చూసింది. "ఈ గోడ ఎవరు కట్టినారో గానీ మామా, పిడుగు పడినా లోపలికి రాదు."

"నేనే కట్టినా," అన్నాడు సుంకప్ప కొంచెం గర్వంగా. "రెండడుగుల మందం. ఒక్క రాయి గూడా కొన్నది కాదు."

రేఖ నవ్వి మంచం పట్టె మీద కూర్చుంది. "దీంట్లో రెండు రకాలుండాయి మామా. ఒకటి బలే ఉరుకుతాది, గోడ అడ్డమొస్తే నిలబడిపోతాది. ఇంకోటి నిదానం, గోడలో నుంచి గూడా కొంచెం కొంచెం దూరతాది. నీ గోడకు ఆ రెండోది గూడా సాల్లేదు."

"ఏది దూరేది? గాలా?"

"గాలి కాదు. గాలి లేకపోయినా పోతాది. వెలుతురు మాదిరిదే అనుకో, మన కండ్లకు ఆనదు."

సుంకప్ప ఆ మాటను నోట్లో పెట్టుకుని నమిలాడు. కంటికి ఆనని వెలుతురు. వెలుతురైతే అది నడిమింట్లోకి వచ్చే దారి ఒకటే ఉంది. తలెత్తి మిద్దెలోని గవాక్షి వైపు చూశాడు. మట్టి మిద్దెకు జానెడు వెడల్పున తాను వదిలిన రంధ్రం అది. దాని మీద గాజు పలక ఉంది. పగలంతా నడిమింటికి వెలుగు అందులోనుంచే.

"ఆడ పెట్టు," అన్నాడు.

రేఖ ఒక నిమిషం పైకి చూసింది. తర్వాత నిచ్చెన కోసం పోయింది.

సుంకప్ప భార్య రామలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. "గవాక్షి మూసేస్తే ఇంట్లోకి వెలుతురు యాడ నుంచి రావల్లప్పా?" అని గొడవ చేసింది. రేఖ మిద్దె ఎక్కి, రంధ్రం పక్కనే రెండిటికలు పేర్చి, సగం మూతగా డబ్బాను అమర్చి, పైన ప్లాస్టిక్ బుట్ట బోర్లించి, వైరు చుట్టూ తిప్పి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. కిందికి దిగి టీవీ నొక్కింది. గీత ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది. తెర నిండా ఏదో దేశపు కొండ, దాన్ని తొలుస్తున్న యంత్రం, దాని చక్రాల మీద బురద పెళ్లలతో సహా కనపడ్డాయి.

సుంకప్ప టీవీని చూడలేదు. గవాక్షిని చూశాడు. అక్కడినుంచి నేల మీదికి ఎండ కడ్డీ ఒకటి వాలి ఉంది, అందులో ధూళి మెల్లగా తేలుతోంది. ఇంకేమీ లేదు. ఆ ఏమీ లేనిదాంట్లో నుంచే కొండ దిగి వచ్చి టీవీలో కూర్చుంది. "గోడ కట్టేటప్పుడు ఇదంతా తెలీదు గదమ్మా," అన్నాడు.

*

ఇంటి వెనక చేన్లో కొడుకు తిప్పేష్ ఆ ఎండాకాలంలోనే బోరు వేయించి ఉన్నాడు. ఆరు వందల నలభై అడుగులు. వేసేటప్పుడు నీళ్లు చిమ్మాయి, ఊరంతా చూసింది. మోటారు దించాక మాత్రం పది నిమిషాలు పోసి, తర్వాత ఉత్త గాలి ఊదడం మొదలుపెట్టింది. మళ్లీ పూటంతా ఆగితే పది నిమిషాలు. అంతకు మించి లేదు. వేరుశనగ వేయాలా వద్దా అని తిప్పేష్ నిద్ర లేకుండా తిరుగుతున్నాడు. బోరును వదిలేసే ముందు ఒకసారి లోపల చూపిద్దామని, మోటారు పైకి తీయించి, గుత్తి దగ్గరనుంచి అతావుల్లాను పిలిపించాడు. అతావుల్లా దగ్గర బోర్లోకి దించే కెమెరా ఉంది. పిడికిలంత గుండు, చుట్టూ దీపాలు, వెనక పొడుగాటి వైరు చుట్టిన చక్రం.

అతావుల్లా జీపు రావడం మంచం మీదనుంచే విన్న సుంకప్ప ఒకే మాట అన్నాడు. "నన్ను ఎత్తుకుపోండి. నేను జూడల్ల."

తిప్పేష్ వద్దన్నాడు. ఎండ మండుతోంది, నడుము కదిలిస్తే నాయనకు వారం రోజులు నరకం. అప్పుడు రేఖ అతావుల్లాను అడిగింది. "భాయ్, నీ బొమ్మ ఆ డబ్బాలోనే కనపడతాదా, ఫోన్లోకి గూడా వస్తాదా?"

"ఫోన్లోకి వైరుండాది. యాప్‌లో కనపడతాది."

"అయితే సాలు. ఫోను మా వైఫైకి కలపండి. ఫోన్లో వచ్చేదంతా టీవీలోకి తోస్తా. మామ మంచం మీదనే చూస్తాడు."

"ఇంట్లోకా? ఈడికి సిగ్నలొస్తాదా?"

"డబ్బా మిద్దె మీదనే ఉండాది. గోడ అడ్డం లేదు. వస్తాది."

పది నిమిషాలకు టీవీ తెర మీద ఒక గుండ్రటి నల్లటి నోరు తెరుచుకుంది. రామలక్ష్మమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. రేఖ నిలబడి, ఇంకో ఫోన్లో తిప్పేష్‌తో మాట్లాడుతోంది. సుంకప్పను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. తెర మూలలో అడుగుల అంకె నడుస్తోంది. పది. ఇరవై. ఇనుప గొట్టం తుప్పు చారలు పైకి జారిపోతున్నాయి. అరవై దగ్గర గొట్టం అయిపోయింది. మొరం మట్టి వచ్చింది. తర్వాత బండ.

సుంకప్పకు ఆ బండ తెలుసు. పొరపొరా తెలుసు. "ఇప్పుడు ఎర్ర చార వస్తాది జూడు," అన్నాడు. వచ్చింది. "దాని కింద బూడిద రంగు." వచ్చింది. రేఖ అతనివైపు తిరిగి చూసింది.

అంకె తొంభై చూపించింది. సుంకప్ప చెయ్యి ఎత్తాడు. "నిలపమను."

కెమెరా ఆగింది. తెర మీద తడి లేని బండ, దీపం వెలుగులో నూనె రాసినట్టు మెరుస్తూ ఉంది.

"ఈడిదాకే పోయినా," అన్నాడు. "నలభై ఏండ్లలో ఇంతకంటే కిందికి దిగలే. దీని కింద ఏముండాదని మా నాయన్ను అడిగితే, బండే గదా అన్నాడు. ఆయప్పకూ తెలీదు." చెయ్యి కిందికి దించాడు. "పోనీమను. నిదానంగా పోనీమను."

ఆ తర్వాతదంతా సుంకప్పకు కొత్త. నూట ఇరవై దగ్గర బండ నల్లబడింది. నూటయాభైలో గులాబీ రంగు చారలు అడ్డంగా తిరిగాయి, పట్టు చీర అంచులాగా. రెండు వందల పది అడుగుల దగ్గర తెల్లటి పలుగురాయి పొర ఒకటి మూరెడు మందాన వచ్చింది. దానిలో అభ్రకం ముక్కలు దీపానికి ఒక్కసారిగా మెరిసి, కెమెరా దాటగానే మళ్లీ చీకట్లో కలిసిపోయాయి. రామలక్ష్మమ్మ చెంగుతో నోరు మూసుకుంది. ఈ రాయి పుట్టినప్పటినుంచి దీని మీద వెలుగు పడింది ఇప్పుడే కదా, అనుకున్నాడు సుంకప్ప. తాను కొట్టిన ప్రతి బండా అంతే. పగిలిన ముఖాన్ని మొదట చూసింది తానే. కానీ అప్పుడెప్పుడూ ఇలా అనిపించలేదు. అప్పుడు కూలి ఉండేది, ఆకలి ఉండేది, పైనుంచి గంప దిగుతూ ఉండేది. చూడడానికి తీరిక యాడిది?

రెండు వందల ఎనభైలో గోడకు చెమట పట్టింది. ఇంకో ఐదడుగులకు అడ్డంగా ఒక చీలిక. దానిలోనుంచి నీళ్లు సన్నగా, ఎడతెగకుండా జారుతున్నాయి. శబ్దం లేదు. కెమెరాకు చెవులు లేవు. అయినా ఆ సవ్వడి సుంకప్పకు వినపడింది.

"గంగమ్మ," అంది రామలక్ష్మమ్మ.

"ఇంత నీళ్లుంటే మరి పైకి రావేమి?" అన్నాడు ఫోన్లో తిప్పేష్. కెమెరా నీళ్లతోపాటే కిందికి పోయింది. మూడు వందలు, నాలుగు వందలు. నాలుగు వందల డెబ్బై దగ్గర అడుగున ఏదో తళుక్కుమంది, నీటి మట్టంలా. సరిగ్గా అప్పుడే బొమ్మ బిగుసుకుపోయింది. మధ్యలో ఆ గుండ్రటి గీత తిరగసాగింది.

సుంకప్ప మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. "ఏమైందమ్మా? ఏమైంది?"

రేఖ అప్పటికే ఫోను అత్త చేతిలో పెట్టి వాకిట్లోకి పోయింది. అతావుల్లా నీడ కోసం జీపును జరిపి బోరుకూ ఇంటికీ మధ్య నిలిపాడు, ఇనుము అడ్డమైంది. ఆమె కేకలు వేస్తూ నిచ్చెన ఎక్కింది. మిద్దె మీద కాలిపోతున్న మట్టిలో చెప్పుల్లేకుండా పరుగెత్తి, డబ్బాను బుట్టలోనుంచి తీసి, వైరు చాలినంత మేర రెండు చేతులతో తలకు పైకి ఎత్తి పట్టుకుంది. "వచ్చిందా?" అని అరిచింది గవాక్షిలోనుంచి.

గీత ఆగిపోయింది.

"వచ్చిందమ్మా! అట్లే పట్టుకో!"

తెర మీద నీళ్లు. నల్లటి అద్దంలాంటి గుండ్రటి నీళ్లు. పైనుంచి జారిన ధార తగిలి తెల్లటి నురగ పుడుతోంది. సుంకప్ప కళ్లు చికిలించి నురగనే చూశాడు. అది మధ్యలో తిరగడం లేదు. పుట్టడం, ఎడమవైపు పోవడం, గోడ దగ్గర మాయమవడం. పుట్టడం, పోవడం, మాయమవడం.

రామలక్ష్మమ్మ దగ్గరున్న ఫోను లాక్కున్నాడు. "ఒరేయ్ తిప్పేషూ! నీళ్లు నిలబడలేదురా, నడుస్తాండాయి. నురగ జూడు, ఒకే పక్కకు పోతాండాది. ఆ గోడకు చీలికుండాది. పైన వచ్చిందంతా ఆడ నుంచి కారిపోతాండాది. నీకు మోటారు ఎత్తేది, చీలిక కింద గుంతలో నిలిచిన నీళ్లే. అందుకే పది నిమిషాలు."

అతావుల్లా కెమెరా తల పక్కకు తిప్పాడు. అరచెయ్యి దూరేంత నల్లటి చీలిక, దాని పెదవి మీదుగా నీళ్లు నాజూగ్గా లోపలికి జారుకుంటూ కనపడ్డాయి. అవి ఎటు పోతున్నాయో, ఎవరి పొలం కిందికో, ఏ ఊరి కిందికో.

"పెద్దాయనా," అన్నాడు అతావుల్లా మెల్లగా, "ఇన్నేండ్లుగా దించుతాండా. ఇట్లాటిది రెండోసారి చూస్తాండా. ఏమి చేద్దాం?"

"మూసేయండి. నాలుగు వందల దగ్గర అడ్డం కట్టి, జిగట మన్ను, దాని మీద సిమెంటు. పాత బావుల్లో మేము చేసే పనే. మోటారు దాని పైన పెట్టు."

అప్పుడు గుర్తొచ్చి పైకి చూశాడు. గవాక్షిలో రేఖ మోచేతులు వణుకుతూ కనపడ్డాయి. "సాలమ్మా, దిగిరా," అన్నాడు. ఆ రోజు సాయంత్రం రామలక్ష్మమ్మ కోడలి పాదాలకు వెన్న రాసింది. అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి.

*

మన్ను, సిమెంటు వేసి, ఆరు రోజులు ఆగారు. ఏడో రోజు పొద్దున అతావుల్లాను మళ్లీ పిలిచారు. ఈసారి విషయం ఊళ్లో పాకింది. పక్కింటి యశోదమ్మ, ఆమె వెంట ఇంకో నలుగురు నడిమింట్లోకి వచ్చి గోడలకు ఆనుకుని కూర్చున్నారు. ఎవరూ చెప్పకపోయినా చెప్పులు బయటే విడిచారు.

కెమెరా దిగింది. తొంభై దాటింది, గులాబీ చారలు దాటింది. నూట తొంభై అడుగుల దగ్గర దీపం ఒక్కసారిగా తనను తానే చూసుకుంది. నీళ్లు. ఊట వచ్చే చీలిక దాటి ఇంత పైకి పొంగాయి. నురగ లేదు, నడక లేదు. తేరిన నీళ్లు గుండ్రంగా, నిండుగా, నిలబడి ఉన్నాయి. కెమెరా వాటిలో మునిగింది. తెరంతా లేత పచ్చ రంగుకు తిరిగింది. సన్నటి రేణువులు పిండి జల్లినట్టు దీపం ముందు తేలాయి. పలుగురాయి పొర ఇప్పుడు నీళ్ల వెనక, వెన్నెల్లా ఉంది.

యశోదమ్మ రెండు చేతులూ జోడించింది, టీవీకా, నీళ్లకా, ఆమెకే తెలియదు. ఫోన్లో తిప్పేష్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అర్థం కాలేదు. సుంకప్ప చెంపల మీదుగా నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ కాసేపు తెర కనపడదు.

"సరిపోయింది పెద్దాయనా," అన్నాడు అతావుల్లా చేన్లోనుంచి. "కెమెరా పైకి లాగేద్దునా?"

"ఉండనీప్పా," అన్నాడు సుంకప్ప. "కొంచెంసేపు ఆడనే ఉండనీ."