మల్లెపూల కట్టు

ఏటికి ఇవతల కర్నూలు, తెల్లదొరల రాజ్యం. అవతల మా ఊరు, నిజాము రాజ్యం. నడివేసవిలో తుంగభద్రలో మోకాలి లోతు కూడా ఉండదు, కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంటే నడిచిపోవచ్చు. అయినా నేను పరదేశం వచ్చినట్టే వచ్చాను. మంత్రసాని చదువు, రెండు నెలలు. పట్టా తెచ్చుకుంటే పనీ, తల దాచుకోను ఒక గదీ ఇస్తానని మా వైపు మిషను ఆసుపత్రి దొరసాని మాటిచ్చింది. మా ఆయన గాబ్రియేలు పాము కరిచి పోయి ఏడాది తిరగలేదు. మిగిలింది నేనూ, మా అత్త విశ్వాసమ్మా, ఎనిమిది నెలల నా కొడుకు జ్ఞానరాజూ.

బిడ్డను వెంట తేవడం కుదరదన్నారు. పాలు తాగే పిల్లవాణ్ణి వదిలి పోతుందట అని ఊరు ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. మా అత్త మాత్రం మేకపాలు పట్టి తాను సాకుతానని, ధైర్యంగా పోయి రమ్మని చెప్పింది. రేవులో వాణ్ణి ఆమె చేతికిస్తూ నేను ఒకటే అనుకున్నాను. తిరిగొచ్చేదాకా నా పాలు ఇంకిపోకూడదు. నేను రాగానే వాడి నోటికి అందాలి. అంతకు మించి ఆ వేసవిలో నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

కర్నూలు ఆసుపత్రిలో పొద్దు పొడవకముందే గంట కొట్టేవారు. ప్రార్థన, తర్వాత కాన్పుల గది కడగడం, నెత్తుటి గుడ్డలు ఉడకబెట్టి ఉతకడం, ఇంత సంగటి తిని పాఠానికి కూర్చోవడం. ఎండకు గోడలు కాలిపోయేవి. నేలమీది నాపబండల మీద నీళ్ళు చల్లుకుని పడుకుంటే, ఆ తడి ఆరేలోపు నిద్ర పడితే పట్టినట్టు, లేదంటే లేదు. కడప నుంచీ ఆదోని నుంచీ వచ్చినవాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు. నాకు పేరే లేనట్టు అందరూ నన్ను నైజామామె అని పిలిచేవారు. నాకు ఏసుమణి అని మా నాయన పేరు పెట్టాడని ఒకరోజు గొంతు చించుకుని చెప్పాను. ఆ రోజు నుంచి నైజాము ఏసుమణి అన్నారు.

పాఠానికి ఒక గుడ్డబొమ్మ ఉండేది. బిడ్డను ఎట్లా పట్టుకోవాలో దానితో నేర్పేవారు. మొదటిసారి దాన్ని చేతుల్లోకి తీసుకోగానే నా రవిక తడిసిపోయింది. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళ నోట్లో మట్టి కొట్టాలనిపించింది, కానీ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఎవరితో కొట్లాడగలను?

మాకు పాఠం చెప్పే పెద్ద నర్సు రామేశ్వరమ్మ నవ్వలేదు. ఆమె కడప మనిషి, నోరు కఠినం, చెయ్యి మెత్తన. పాలు అట్లాగే ఉంటే గడ్డకట్టి జ్వరం వస్తుందని, ఎండగట్టి తీరాలని చెప్పింది. మల్లెపూలు రొమ్ముకు కట్టుకుంటే పాలు వెనక్కి పోతాయని ఈ సీమలో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. సాయంత్రమయ్యేసరికి ఆమె పూలు తెప్పించి, పాత చీర చింపి నాకు కట్టు కట్టేది. నేను స్నానాల దడి వెనక్కి పోయి ఆ కట్టు విప్పేసి, పూలు హులిగెమ్మకు ఇచ్చేసేదాన్ని. హులిగెమ్మ ఆదోని పిల్ల, నాకు అక్కడ ఉన్న ఒకే ఒక స్నేహితురాలు. పొద్దున్నే దడి వెనకే నిలబడి పాలు మట్టిలోకి పిండేదాన్ని, పిండకపోతే ఆగిపోతాయని. కొడుకు నోటిది నేలపాలు చేస్తున్నానని ఆ తడి మట్టిని కాలితో కప్పేసేదాన్ని.

ఇంతలో ఏటి అవతల కలరా అన్నారు. రేవులో పోలీసులను పెట్టి ఒక్క మనిషిని కూడా దాటనివ్వలేదు. మిద్దె ఎక్కితే మా ఊరి తుమ్మచెట్లు కనపడతాయి, నా బిడ్డ ఉన్నాడో లేడో చెప్పే దిక్కు లేదు. చదువూ వద్దు, పట్టా వద్దు, పోతానని ఒకనాడు మూట కట్టుకున్నాను. రేవు దాకా పోతే లాఠీ అడ్డం పెట్టి తరిమారు. ఇసకలో కూలబడి నోరు నొప్పెట్టేదాకా ఏడ్చి, మళ్ళీ ఆ గంటల మధ్యకే వచ్చాను.

అదే వారం హులిగెమ్మ తలలో పూలు చూసి రామేశ్వరమ్మకు అనుమానం వచ్చింది. నా బండారం బయటపడింది. ఆ రోజు నుంచి ఆమె కట్టు తానే కట్టి, నా పక్కనే పడక వేసుకుంది. నేను విప్పలేకపోయాను. కొన్నాళ్ళకే రొమ్ములు మెత్తబడిపోయాయి. తెల్లవారుజామున ఆమె కట్టు విప్పాక ఎంత పిండినా నాలుగు చుక్కలకు మించి రాలేదు. నా బతుకు అక్కడితో ముగిసినట్టే అనిపించింది.

జులేఖా బీ కాన్పుకు వచ్చింది అప్పుడే. గాజులు అమ్ముకునేవాళ్ళ కోడలు. మగబిడ్డ పుట్టాడు, ఆమెకు మాత్రం ఒళ్ళు తెలియని జ్వరం, పాలు పడలేదు. చక్కెర నీళ్ళు పట్టినా బిడ్డకు నిలవలేదు. ఆమె అత్త మాబూబీ నాకు పాలున్నాయని ఎవరి దగ్గర విన్నదో, బిడ్డను తెచ్చి నా ముందు పట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్న నాలుగు చుక్కలూ నా కొడుకువి, ఇంకొకరికి ఎట్లా ఇస్తానని మొహం మీదే అనేశాను.

"నీ కొడుకుది లాక్కొనేకి రాలేదమ్మా," అంది ఆ ముసలామె. "బిడ్డ తాగితే పాలు ఊరతాయి. నీ కొడుకూ, ఈ పిల్లోడూ పాలన్నదమ్ములు అయితారు. ఏటికి ఆపక్క ఒకడు, ఈపక్క ఒకడు."

నేను తల తిప్పుకున్నాను. ఆ పసివాడు పిల్లి పిల్లలా సన్నగా ఏడ్చాడు. నేను వద్దనుకుంటూనే ఉన్నాను, రవిక తడిసింది. ఇక ఆగలేక వాణ్ణి లాక్కుని కట్టు విప్పి పడేశాను. రామేశ్వరమ్మ గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నుంచి మల్లెపూలు రాలేదు.

మాబూబీ చెప్పినట్టే పాలు ఊరాయి. వాడు తాగుతుంటే నేను కళ్ళు మూసుకుని జ్ఞానరాజును తలుచుకునేదాన్ని. నీకోసమే రా, నీకోసమే దాచిపెడుతున్నాను అని చెప్పుకునేదాన్ని. పరీక్ష అయ్యేసరికి జులేఖా బీ కోలుకుంది. ఏటి మీద పోలీసులను తీసేశారు. పట్టా కొంగున కట్టుకుని, రొమ్ములు బరువెక్కి సలుపుతుంటే తుంగభద్ర దాటాను. అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా లేదు.

వాడు బతికే ఉన్నాడు. వాకిట్లో కూర్చుని మట్టి నాకుతున్నాడు. దేవుడికి దండం పెట్టి, వాణ్ణి ఎత్తుకుని గుమ్మంలోనే రవిక విప్పాను. వాడు రొమ్ము చూశాడు. మొహం ముడుచుకుపోయింది. కెవ్వుమని ఏడ్చి, వెనక్కి విరుచుకుని నన్ను రక్కాడు. కొత్త అనుకున్నాను, బుజ్జగించాను. మళ్ళీ దగ్గరికి తీసుకుంటే పెదాలు బిగబట్టాడు.

మా అత్త గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది. "రాత్రిళ్ళు ఊరుకొనేటోడు కాదు తల్లీ," అంది. "నా ఎండిపోయిన రొమ్మే నోట్లో పెడితి. కొరికి నెత్తురు తెచ్చె. తట్టుకోలేక వేపాకు నూరి పూసుకొంటి. నీకు ఎట్లాగూ పాలు ఎండిపోయుంటాయి, వీడికి మాన్పించినట్టు కూడా అయితాది, నువ్వొస్తే నిన్ను పీక్కు తినడు అనుకొంటి. రొమ్మంటేనే చేదనుకొంటాండాడు వీడు."

బెల్లం అద్దాను. వేలి మీది బెల్లం నాకాడు, రొమ్ము కనపడగానే మొహం తిప్పేశాడు. నిద్దట్లో నోటికి ఆనించినా ఉలిక్కిపడి లేచాడు. పాలు వాడి చెంప మీద కారితే, కాలినట్టు చేత్తో తుడుచుకుని వాళ్ళ అవ్వ ఒళ్ళోకి పాకాడు. ఆమె పట్టిన రాగి జావ గుటగుట తాగాడు. 

మూడోనాటికి రొమ్ములు రాళ్ళయి జ్వరం వచ్చింది. గోడ వైపు తిరిగి పడుకునే అడిగాను.

"అత్తా, మల్లెపూలు యాడ దొరుకుతాయి?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది.