అల్వర్ కట్టిన చీటీ

థీరా చీపురు కర్రను కారు కిందికి దూర్చి, అక్కడ పరిచిన అట్టను ఇవతలికి లాగుతోంది. అక్టోబరు నెల. తెల్లవారుజామున పడ్డ మంచుకి అట్ట ఒక మూల నేలకు అతుక్కుపోయింది. చిరగకుండా తీయాలంటే కాస్త ఓపిక పట్టాలి. అటూ ఇటూ కదిపి, మెల్లగా లాగి, వెలుగులోకి తెచ్చి చూసింది. వారం రోజుల మరక. అరచెయ్యంత ఉంది. నడుమ ఎర్రగా, తడిగా ఉంది. అంచులు ఆరి కాఫీ రంగుకు తిరిగాయి.

ఆ అట్టను ఆమె వెంటనే పారెయ్యదు. షెడ్డు గోడకు ఆనించి పెడుతుంది. పది గంటలకు అల్వర్ వస్తాడు. ముందు అట్టను చూస్తాడు, తర్వాత కారును చూస్తాడు, ఆ తర్వాతే ఆమె ముఖం చూస్తాడు. రెండేళ్లుగా శనివారాలు ఇలాగే మొదలవుతున్నాయి.

పవర్ స్టీరింగు ఆయిలు కారే ఆ ఆకుపచ్చ కారు ఆమె భర్త రూనే కొన్నది. రూనే పోయి మూడేళ్లయింది. అతనూ అల్వరూ ముప్ఫై ఏళ్లపాటు ఒకే అడవిలో, చెట్లు నరికే పెద్ద యంత్రాల మీద పనిచేశారు. రూనే ఉన్నన్నాళ్లూ అల్వర్ రంపం గొలుసు కోసమనో, చేపల వల బాగుచేయాలనో ఏదో ఒక పని పెట్టుకుని ఈ ఇంటికి వచ్చేవాడు. రూనేతో పాటే ఆ పనులూ పోయాయి.

స్వీడన్ ఉత్తరాన ఉన్న ఆ పల్లెలో పని లేకుండా ఎవరూ ఎవరి గడపా తొక్కరు. వచ్చినవాళ్లు తలుపు దగ్గరే నిలబడి ముందు వచ్చిన పని చెబుతారు. అది చెప్పాకే బూట్లు విప్పుతారు, కాఫీ తాగుతారు. పని లేనివాళ్లు దారిన పోతూ పలకరింపుగా చెయ్యి ఎత్తుతారు, అంతే. రూనే పోయాక అల్వర్ కూడా ఏడాదిపాటు అలా చెయ్యి ఎత్తి పోయేవాడు. పెళ్లి చేసుకోని మనిషి. అతని వంటింటి దీపం థీరా వంటింట్లోంచి కనిపిస్తుంది. సాయంత్రం నాలుగింటికే చీకటిపడే రోజుల్లో ఆ దీపం వెలగడం, పదింటికి ఆరడం ఆమె చూసేది. తన దీపం అతనికీ కనిపిస్తుందని ఆమెకు తెలుసు. ఇద్దరి మధ్య రెండు వందల అడుగుల దూరం కూడా ఉండదు.

తర్వాత ఒక నవంబరులో కారు కింద మొదటి ఎర్రటి చుక్క పడింది.

ఆమె అతన్ని పిలిచింది. పిలవడానికి పని దొరికింది కాబట్టి పిలిచింది. అల్వర్ కారు కింద పడుకుని చాలాసేపు చూశాడు. ఆయిలును తిరిగి డబ్బాలోకి తెచ్చే పైపు చివర పగిలిందని చెప్పాడు. ఇంత పాత కారు పైపు ఇక్కడ దొరకదని, దక్షిణాదికి రాసి తెప్పించాలని అన్నాడు. అప్పటిదాకా వారానికోసారి క్లిప్పు బిగించి, తగ్గిన ఆయిలు పోస్తే సరిపోతుందన్నాడు. ఆ పైపు వచ్చే నెలలో వస్తుందన్నాడు. రాలేదు. ఆ తర్వాతి నెలలో వస్తుందన్నాడు. అప్పుడూ రాలేదు. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది, అతను చెప్పడం మానేశాడు.

పచ్చ పిడి ఉన్న అతని స్క్రూడ్రైవరు ఆమె వంటింటి కిటికీ గట్టు మీదే ఉండిపోయింది. ప్రతిసారీ మోసుకు రావడం ఎందుకని మొదటి నెలలోనే అక్కడ పెట్టాడు. పూల కుండీ పక్కన అదీ ఒక సామానైపోయింది. గట్టు తుడిచినప్పుడు థీరా దాన్ని ఎత్తి, కింద తుడిచి, మళ్లీ అదే చోట పెడుతుంది. కాఫీ తాగి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అల్వర్ ఎప్పుడూ ఒకే మాట అంటాడు: "అట్ట మీద కన్నేసి ఉంచు."

కానీ ఈ శనివారం వేరు. ఆమె కోటు జేబులో ఒక కాగితం ఉంది.

మూడున్నర వారాల కిందట కారును ఏటా చేయించే తనిఖీకి పట్నం తీసుకెళ్లింది. అక్కడ చెవికి నాలుగు రింగులు పెట్టుకున్న ఒక పిల్ల కారును పైకెత్తి, కింద నిలబడి టార్చి వేసి చూసింది. ఎన్నాళ్ల నుంచి కారుతోందని అడిగింది. రెండేళ్లని థీరా చెప్పింది.

"రెండేళ్లా? ఎవరండీ చూస్తున్నది, కళ్లు లేనాయనా?" అని ఆ పిల్ల నవ్వింది. "మూరెడు రబ్బరు పైపు, రెండు క్లిప్పులు. గంట పని. ట్రాక్టరు సామాన్లు అమ్మే ఏ కొట్లో అడిగినా కోసిస్తారు."

నాలుగు వారాల్లోపు బాగుచేయించి మళ్లీ చూపించకపోతే కారు రోడ్డెక్కకూడదని కాగితం రాసిచ్చింది. థీరా వంట చేసే బడి ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆమె బయల్దేరే వేళకు బస్సులుండవు. కారు ఆగితే పని ఆగుతుంది. అయినా ఆమె ఆ కాగితాన్ని చెంచాల సొరుగులో అడుగున పెట్టింది. ఒక శనివారం గడిచింది, రెండు గడిచాయి, మూడోదీ గడిచింది. ఆ పిల్లది తెలిసీ తెలియని మాట అనుకుంది. అడవిలో యంత్రాలకు వేల పైపులు తన చేత్తో కోసి బిగించిన మనిషికి తెలియదా, దానికి తెలుసా అనుకుంది. గడువు ఎల్లుండి సోమవారంతో తీరిపోతుంది. ఇక దాచడం కుదరలేదు.

అల్వర్ పదింటికి వచ్చాడు. అట్ట ముందు వంగి చూశాడు.

"చిన్నదైందే ఈ వారం."

"చలికి," అంది థీరా.

"చలికి చిక్కబడుతుంది. కదలడానికి బద్ధకం. నాలాగే."

ఆమె నవ్వి, కాగితం తీసి ఇచ్చింది. అతను కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. తిప్పి వెనకవైపు చూశాడు. అక్కడేమీ లేదు. మళ్లీ ముందువైపు చదివాడు.

"ఇది కిందటి నెల కాగితం."

"సొరుగులో అడుక్కి పోయింది."

"సోమవారం అంటే ఎల్లుండి."

"ఎల్లుండే."

అల్వర్ పెదాలు ముడిచి గాలిని లోపలికి పీల్చాడు. అక్కడివాళ్లు అవుననేది అలాగే. కాసేపు కారు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంట్లో ఏదైనా ఉందేమో చూసొస్తానని వెళ్లాడు. కాఫీ కాగేంతసేపు కూడా పట్టలేదు, ఒక ప్లాస్టిక్ సంచీతో తిరిగొచ్చాడు. పాతది ఒకటి దొరికిందని, సరిపోతుందో లేదో చూడాలని, సంచీ వైపు చూడకుండా అన్నాడు.

జాకీతో ముందు చక్రాలు పైకెత్తి, కింద స్టాండ్లు పెట్టాడు. థీరా రొట్టెలు కాల్చే పాత పళ్లెం తెచ్చి కారు కిందికి తోసింది. అల్వర్ వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. మోకాళ్ల కింది భాగం మాత్రమే బయట మిగిలింది. ఆమె పక్కన కూచుని దీపం పట్టుకుంది.

"దీపం పైపు మీద పట్టు, నా మొహం మీద కాదు. దానికి రిపేరు కుదరదు."

"రూనే అయితే ఈపాటికి మూడు సార్లు తిట్టేవాడు," అంది థీరా.

"నాలుగు. ఒకటి నాకు, మూడు కారుకి."

క్లిప్పు వదులైంది. పాత పైపు ఒక పట్టాన రాలేదు. అతను దాన్ని మెలితిప్పి లాగాడు. ఎర్రటి ఆయిలు సన్నటి ధారగా పళ్లెంలోకి దిగింది. ఊడదీసిన పైపును అతను ఆమె కాళ్ల దగ్గర పడేశాడు. చివర ఎండిన చెప్పులా గట్టిపడి, నిలువునా పగిలి ఉంది. దాన్ని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, ఎంత బిగించినా అది ఆగేది కాదు.

కారు కింద నుంచి చెయ్యి బయటికి వచ్చింది. "సంచీలోది ఇటివ్వు."

థీరా సంచీలో చెయ్యి పెట్టి కొత్త పైపు తీసింది. నల్లగా, మెత్తగా ఉంది. రెండు చివరలకూ దుమ్ము చొరబడకుండా మూతలు పెట్టి ఉన్నాయి. నడుమ ఒక సన్నటి తీగకు తగరపు చీటీ వేలాడుతోంది.

ఆమె అలాంటి చీటీలు ముప్ఫై ఏళ్లు చూసింది. రూనే చొక్కాలు ఉతికేటప్పుడు జేబుల్లో దొరికేవి. అడవిలో పనిచేసేవాళ్లు పైపు కోసిన వెంటనే దానికి చీటీ కడతారు. ఏ యంత్రానికి, ఎక్కడ, ఏ రోజున కోసింది. ముందు చీటీ, తర్వాతే చేతులు తుడుచుకోవడం. అందులో ఆలోచన ఏమీ ఉండదు, చెయ్యి దానంతట అదే చేసేస్తుంది.

ఈ చీటీ మీద మేకుతో గీసినట్టున్న అక్షరాలతో ఇలా ఉంది: థీరా. స్టీరింగు, తిరుగు పైపు. నవంబరు 14. దాని పక్కన సంవత్సరం. రెండేళ్ల కిందటిది. మొదటి చుక్క పడిన వారం.

"ఏమైంది? లేదా?" అన్నాడు అల్వర్ కింద నుంచి.

"ఉంది."

ఆమె తీగ విప్పి, చీటీని కోటు జేబులో వేసుకుని, పైపును అతని చేతిలో పెట్టింది. ఆమెకు కోపం రాలేదు. వస్తుందేమోనని ఒక క్షణం ఆగి చూసుకుంది కూడా. బదులుగా, చాలాకాలం చలిలో ఉండి వేడినీళ్లలో చేతులు పెట్టినప్పుడు కలిగే నొప్పిలాంటిది కలిగింది. పైపు సిద్ధంగా పెట్టుకుని, రెండేళ్లు వర్షంలో, మంచులో, వారానికి గ్లాసుడు ఆయిలు పోయడానికి వచ్చాడు ఈ మనిషి.

"సరిపోతుందంటావా?" అని అడిగింది.

"చూడాలి మరి."

ఒక్క నెట్టుకే పైపు కూచుంది. అంగుళం ఎక్కువ కాలేదు, అంగుళం తక్కువ కాలేదు. క్లిప్పులు బిగిసిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. అప్పుడు ఆమెకు భయం వేసింది.

పైపులో చేరిన గాలి బయటికి పోవడానికి స్టీరింగు తిప్పాలి. థీరా డ్రైవరు సీట్లో కూచుంది. లేపి ఉంచిన బానెట్టు అడ్డం వచ్చి అతను కనపడలేదు. కింద సందులోంచి ఆయిలు డబ్బా పట్టుకున్న చేతులు మాత్రం కనిపించాయి.

"ఎడమకి. చివరిదాకా పోనీ. ఇప్పుడు కుడికి. మెల్లగా."

"ఇంకా?"

"బుడగలొస్తున్నాయి. ఎడమకి."

రెండేళ్లుగా మూలిగిన స్టీరింగు తిప్పినకొద్దీ మెత్తబడుతోంది. ఆమె అవసరమైనదాని కంటే మెల్లగా తిప్పింది. అతను కూడా తొందరపెట్టలేదు. ఆయిలు పోశాడు, ఆగాడు, మళ్లీ పోశాడు. ఇంజను నడిపి ఇంకో పదిసార్లు తిప్పించాడు. చివరికి చేతులు కదలకుండా నిలిచిపోయాయి.

"బుడగలు ఆగిపోయాయి," అన్నాడు.

కారు దింపి, కింద కొత్త అట్ట పరిచారు. ఇంజనును పావుగంట అలాగే నడవనిచ్చి, అల్వర్ మోకాళ్ల మీద వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి, ఒక్క చుక్క కూడా లేదని, ఎవరి గురించో చెడు కబురు తెచ్చినవాడిలా చెప్పాడు.

లోపలికి వచ్చి అల్వర్ స్క్రూడ్రైవరును తుడిచి కిటికీ గట్టు మీద, కుండీ పక్కన పెట్టాడు. థీరా అక్కడి అలవాటు ప్రకారం కప్పుల్లో చీజు ముక్కలు వేసి, పైన కాఫీ పోసింది. అల్వర్ కాఫీ తాగేసి, అడుగున మెత్తబడ్డ ముక్కల్ని చెంచాతో తింటాడు. అవి తినడం అయ్యాక లేస్తాడు. ఆ చెంచా చప్పుడుతో శనివారం అయిపోతుంది.

ఎదురింటివాళ్ల వేటకుక్క తప్పిపోయిన సంగతి అతను చెప్పాడు. బడిలో పిల్లలు చేపల కూర ముట్టని సంగతి ఆమె చెప్పింది. తర్వాత అల్వర్ వంటింటి చుట్టూ చూశాడు. గోడ గడియారం వైపు చూసి, సరిగ్గానే నడుస్తోందా అని అడిగాడు. సరిగ్గానే నడుస్తోందని ఆమె చెప్పింది. అతను లేచి కొళాయి తిప్పి, కట్టేశాడు. ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు. కొళాయి కారలేదు. అతను మళ్లీ వచ్చి కూచున్నాడు. అంత శుభ్రంగా, అంత బాగా ఉంచుకున్న ఇల్లు చూసి థీరాకు మొదటిసారి విసుగొచ్చింది.

అతను కాఫీ చివరి గుక్క తాగి, చెంచా అందుకున్నాడు. ఇప్పుడు వెళ్లిపోతే వచ్చే శనివారం దారిన పోతూ చెయ్యి ఎత్తుతాడు. ఆ తర్వాతి శనివారమూ అంతే. ఆమెకు అది కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఆమె జేబులోంచి చీటీ తీసి అతని కప్పు పక్కన పెట్టింది.

"అల్వర్, పని లేకపోయినా రావచ్చు నువ్వు."

నవ్వుతూ అనాలనుకుంది. గొంతు మాత్రం నవ్వలేదు.

అల్వర్ చీటీ వైపు చూశాడు. తన రాత తనే చదువుకున్నాడు. మెడ మీద మొదలైన ఎరుపు చెవులదాకా పాకింది. ఆయిలు ఇంకిన గోళ్లను బల్ల కిందికి దాచుకున్నాడు. అతను పెదాలు ముడిచి గాలి పీలుస్తాడేమోనని ఆమె ఎదురుచూసింది. గోడ గడియారం సరిగ్గానే నడుస్తోంది. అతను పీల్చలేదు.

ఆమె ఇంకో మాట అనబోయింది. అన్న మాటను వెనక్కి తీసుకునే మాట ఏదీ ఆమెకు రాదు.

అల్వర్ చెంచాను కప్పు పక్కన పెట్టాడు. చీజు ముక్కలు కప్పు అడుగున అలాగే ఉన్నాయి. లేచి, టోపీ అందుకుని, కిటికీ దగ్గరికి వెళ్లాడు. కుండీ పక్కన ఉన్న పచ్చ పిడి స్క్రూడ్రైవరు తీసి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుని, లేసులు రెండూ నిదానంగా కట్టుకున్నాడు. నిద్రపోతున్నవాళ్లున్న ఇంట్లోంచి వెళ్లేవాడిలా తలుపును చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మూసి, అట్ట మాట ఎత్తకుండానే వెళ్లిపోయాడు.