తొండం కుట్టు

వెట్టికి దొర బావి మోట తోలుతూ ఇరవై ఏళ్ల బక్కయ్య కుప్పకూలి చనిపోయాడు. దొర మనుషులే కొట్టి చంపారని తండ్రి మైసయ్య అనుమానం. కొడుకు శవాన్ని కోసి చూడాల్సిందేనని పాలమూరు దవాఖాన మెట్ల మీద మొండికేసి కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి డాక్టరు బయటికి వచ్చాడు.

"ఎవ్వరూ కొట్టలేదు, మైసయ్యా. నెత్తురు బయటికి పోయే గుండె వాకిట్ల తలుపుల లెక్క మూడు రేకులుండాలె. నీ కొడుకుకు పుట్టుకతోనే రెండున్నయి. నెత్తురు ఒక్క పక్కకే కొట్టుకుంట పోయింది. ఆ పక్క పెద్దనరం గోడ గూడ కచ్చాదే. పలుచబడి పలుచబడి పగిలింది."

కొట్టారని తేలితే తిట్టిపోయడానికి ఒక మనిషైనా దొరికేవాడు.

డాక్టరు చెప్పింది మైసయ్యకు ఇట్టే అర్థమైంది. ఊళ్లోని మోటలన్నిటికీ నీళ్లు వదిలే తోలు తొండాలు కుట్టేది అతనే. కుట్టు వంకర పోతే నీళ్లు ఒకే వైపు తగిలి అక్కడి తోలు పలుచబడుతుంది. ఊరందరి తొండాలనూ అరచేత్తో తడిమి చూసి, చిరగకముందే మాసిక వేసేవాడు.

"పసిగున్నప్పుడు వాని రొమ్ముకు చెవి పెడితే బుస్సుబుస్సుమని సప్పుడొస్తుండె, అయ్యా. నా రొమ్ముల గూడ గట్లనే వస్తదని మా అవ్వ చెప్తుండె. నా పోలికే వచ్చిందని మురిసిన."

డాక్టరు గబుక్కున తన మెడలో వేలాడే గొట్టాన్ని మైసయ్య రొమ్ముకు ఆనించాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత గొట్టం తీసి, తల పక్కకు తిప్పుకున్నాడు.

మైసయ్య తన రెండు చేతులనూ చూసుకున్నాడు.

"అయితే గా కుట్టు నాదేనా, అయ్యా?"