కార్డుకెక్కిన గొంతు

నాకు నోరెక్కువని మా అత్తింట్లో అందరూ అనేవారు. ఎక్కువే. మా ఆయనకి అసలు లేదు కాబట్టి ఇద్దరి వాటా నేనే వాడుకున్నాను. బట్ట పాడుచేశావని మీదికొచ్చే ఖాతాదార్లతో, ముఖ్యంగా మా బావగారితో, కాదని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నన్ను ముందుకు తోసి తను వెనకాల నిలబడి చొక్కా సర్దుకునేవాడు మహానుభావుడు.

బావగారంటే ఆయన అన్న. నా బట్టలు కుట్టే దుకాణం మీద ఆయనకి కన్ను. ఆ గది తన కొడుక్కిస్తే ఫోన్లు అమ్ముకుంటాడట, నేను ఇంట్లో కూర్చుని కుట్టుకోవచ్చట! అద్దె కాగితం నా పేరు మీద ఉంది. నా నోరు పనిచేసినన్నాళ్లూ ఆయన పప్పులుడకలేదు.

తర్వాత గొంతులో గడ్డ వచ్చింది. స్వరపేటిక తీసేయాలన్నారు. తీసేముందు ఆసుపత్రివాళ్లు నా మాటలు కంప్యూటర్లోకి ఎక్కించుకున్నారు. వాళ్లిచ్చినవన్నీ చదివాను. మంచినీళ్లు కావాలి, నొప్పిగా ఉంది, సరేలెండి మీ ఇష్టం. అవయ్యాక నావి చెప్పుకున్నాను. వద్దు. కుదరదు. నా దుకాణం ఎవరికీ ఇవ్వను. దూరాన ఉన్న మనవరాలి కోసం "బంగారుకొండా, తిన్నావా?" అని కూడా.

కుట్లు విప్పాక, మాట్లాడే పెట్టెకి కార్డు రాయించడానికి మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. పెట్టె మీద కొన్ని మీటలే ఉంటాయి. ఒక్కో మీట నొక్కితే ఒక్కో మాట వస్తుంది. కంప్యూటరమ్మాయి వేలిగోరంత కార్డు పట్టుకుని చూపించింది.

"ఆంటీ, దీంట్లోకి ఒక్కసారే రాయగలం. మళ్లీ చెరపడం, మార్చడం కుదరదు. చెయ్యి తగిలి మాటలు పోకూడదని ఇలాంటివి వాడతాం. రాసేశాక కంప్యూటర్లో ఉన్నవి తీసేస్తాం, ఇక్కడి పద్ధతి అది. ఏవేం పెట్టమంటారు?"

తెర నా వైపు తిప్పబోయింది. మా ఆయన కుర్చీ జరుపుకుని మధ్యలోకి వచ్చాడు. "తన కళ్లజోడు ఇంట్లో మర్చిపోయిందమ్మా. నేను చెప్తాలే."

కళ్లజోడు ఆయన జేబులోనే ఉంది! జేబు పట్టుకు లాగాను. నా చెయ్యి తీసి, నిమిరి, ఒళ్లో పెట్టాడు.

ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. మంచినీళ్లు పెట్టించాడు. నొప్పి పెట్టించాడు. బంగారుకొండని పెట్టించినప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఎంతైనా మనసున్న మనిషి అనుకున్నాను. ఆ వెంటనే "సరేలెండి, మీ ఇష్టం" పెట్టించాడు. 'వద్దు' దాటేసి ముందుకు పోతుంటే అమ్మాయి ఆగింది.

"అది లేకపోతే ఎలా అంకుల్?"

"వద్దనుకుంటే తల ఊపుతుందిలేమ్మా. ఇన్నాళ్లూ అరిచీ అరిచీ ప్రాణం మీదికి తెచ్చుకుంది. ఇకనైనా ప్రశాంతంగా ఉండనీ."

బల్ల మీద చరిచాను. తల అడ్డంగా ఊపాను. మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచి గాలి బుస్సుమంది తప్ప మాట రాలేదు. అమ్మాయి బెదిరిపోయి నా వంక చూసింది.

"ఆపరేషనైన దగ్గర్నుంచీ ఇంతే, ఊరికే కంగారు పడుతుంది. నువ్వు కానివ్వమ్మా" అన్నాడాయన.

నేను కలం కోసం వెతుక్కునేలోపు ఆ అమ్మాయి నొక్కేసింది. తెర మీద పచ్చగీత పాకుతూ పోయింది. నా వద్దులన్నీ ఇంకా ఆ కంప్యూటర్లోనే, నా ఎదురుగానే ఉన్నాయి. కాళ్లూ చేతులూ కట్టేసి కూర్చోబెట్టినట్టు కూర్చుని, అవి ఉండిపోవడం చూశాను.

ఆ సాయంత్రమే బావగారు దుకాణానికి ఊడిపడ్డారు. గది యజమానికి ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా మిషను మీద పెట్టారు.

"పేరు మార్చాలంటే ఆవిడ నోటితో చెప్పాలి. ఆవిడ ఒప్పుకుందని మీరంటే నేను నమ్మనండీ బాబూ!" అన్నాడు యజమాని.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన వైపు తిరిగి తల గట్టిగా అడ్డంగా ఊపాను. పెట్టె ఆయన ఒళ్లో ఉంది. నా వైపు చూడకుండా మీట నొక్కాడు.

"సరేలెండి, మీ ఇష్టం."

ఎంత మర్యాదగా వచ్చిందో! పెళ్లయిన దగ్గర్నుంచీ బావగారితో అంత తియ్యగా నేనెప్పుడూ మాట్లాడలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇది నా పెదవి దాటకుండానే దాటిపోయింది.

"గొంతు పోయిందన్నారు, లక్షణంగా ఉందే!" అన్నాడు యజమాని. "రేపొస్తాను. మా నాన్న ముందు ఇంకొక్కసారి అనమనండి, కాగితం మార్చేద్దాం."

బావగారు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. మా ఆయన తలొంచుకుని కూర్చున్నాడు.

"అన్నయ్యకి కాదని ఎలా చెప్పనే? నాకు చేతకాదు. నీకు తెలుసుగా" అన్నాడు.

తెలుసు. పెట్టె లాక్కుని కార్డు బయటికి తీశాను. బల్ల మీంచి గుడ్డలు కత్తిరించే కత్తెర అందుకున్నాను. నా గొంతు ఇంకెక్కడా లేదు, ఆ గోరంత ముక్కలోనే ఉంది. బంగారుకొండా కూడా అందులోనే ఉంది. చెయ్యి ఆగిపోయింది.

"వద్దు!" అని అరిచాడు మా ఆయన. లేచి నిలబడ్డాడు, కుర్చీ వెనక్కి పడిపోయింది. "వద్దే! వద్దంటున్నానా!"

దుకాణమంతా మోగేలా అరిచాడు. పెళ్లినాటి నుంచి ఆయన నోట ఆ మాట వినాలని ఎదురుచూశాను. ఇన్నాళ్లకి అన్నాడు, అదీ వాళ్లన్నతో కాదు, నాతో.

కత్తిరించేశాను.